నాలుగు నక్షత్రాల బీరువా

వారపత్రిక ఆఫీసు, మూడో అంతస్తు,
ఆగస్టు 9

అక్కకు,

నేను బాగున్నాను. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, లేకపోతే ఈపాటికి నన్ను తిడుతూ ఒక ఉత్తరం వచ్చేది. ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నేను అబద్ధాలు చెబుతానని, కాగితం మీదైతే దొరికిపోతానని నువ్వు పెట్టిన రూలు ఒకటుంది కదా. అందుకని కాగితమే.

విషయం పెద్దది, కూర్చుని చదువు. మా పత్రికలో ఆరేళ్లుగా నేను వైన్ మీద ‘ద్రాక్షాపాకం’ అనే శీర్షిక వారం వారం రాస్తున్నానని నీకు తెలుసు. ఇప్పుడు మా ఎడిటర్‌కు ఒక ఆలోచన వచ్చింది. పన్నెండు మంది పాఠకులను వెంటబెట్టుకుని, సముద్రాలకు అవతల ఉన్న ఆ ద్రాక్షతోటల దేశానికి నేను వెళ్లాలి. పదకొండు రోజులు. నది లోయ, కొండవాలు, సముద్రపు ఒడ్డు, ఇలా మూడు ప్రాంతాలు. ప్రతిచోటా వైన్ పీపాలుండే సెల్లార్లలోకి దిగడం, గ్లాసు పట్టుకోవడం, నేను రెండు ముక్కలు చెప్పడం, వాళ్లు తలలూపడం. ప్రకటన వేసిన నాలుగు రోజులకే సీట్లన్నీ నిండాయి. ఆఫీసులో నన్ను చూసే చూపే మారిపోయింది. నిన్న ఎడిటర్ నాకోసం లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డారు.

ప్రోగ్రాం నేనే వేశాను, ఒక కాపీ జతచేస్తున్నాను. విమానం దిగిన మర్నాడే ఏడు సెల్లార్లు. అక్టోబరులో బయల్దేరతాం, సరిగ్గా కోతల వేళకు. పాఠకులు ద్రాక్షగుత్తుల మధ్య నిలబడి ఫొటోలు తీసుకోవచ్చని ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేయించాను.

వెనిగర్ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నావు కాబట్టి నీకూ ఈ వాసనల వ్యవహారం కాస్తోకూస్తో తెలుసు. ప్రోగ్రాం చూసి ఏమైనా తోస్తే రాయి. పెద్దగా ఏమీ ఉండదనుకో. అన్నట్టు, ఈ మధ్య నీ ఉత్తరాల్లో ట్యాంకుల కబుర్లు తగ్గిపోయాయి. ఫలానా ట్యాంకు ఇలా వాసన కొట్టింది, ఫలానా శాంపిల్ అలా ఉంది అని ఇదివరకు ఎంత బాగా రాసేదానివి. అవి రాస్తూ ఉండు. నాకు కాలక్షేపం.

తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్, ఆరో నంబరు ఇల్లు,
ఆగస్టు 21

తమ్ముడూ,

కూర్చునే చదివాను. నవ్వలేక పడుకోవాల్సి వచ్చింది.

ముందు నీ ప్రోగ్రాం సంగతి. రోజుకు ఏడు సెల్లార్లు, ఒక్కోచోట ఆరు రకాలు. అంటే నలభై రెండు గ్లాసులు. నాలుగో సెల్లార్ దగ్గర నీ పాఠకులకు నువ్వు ఇద్దరుగా కనిపిస్తావు, ఆరో చోట అసలు కనిపించవు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను ఒక పూటకు ఆరు శాంపిళ్లు మించి చూడలేదు. అదీ పొద్దున పదింటికి, ఆ రోజు వాసన సబ్బు రాసుకోకుండా, తలకు నూనె పెట్టుకోకుండా. ముందు వాసన చూడాలి. తర్వాత నీళ్లు కలిపి ఒక గుక్క నోట్లోకి తీసుకుని, నోరంతా తిప్పి, సింకులో ఉమ్మేయాలి. ఆపైన ఒక బ్రెడ్ ముక్క తిని, మంచినీళ్లు తాగి, పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ చివరిది నీ వల్ల కాదు.

ఉమ్మడం అనే మాట నీ ప్రోగ్రాంలో ఎక్కడా లేదు. రుచి చూసేవాడు మింగడు నాయనా. మింగేవాడిని వేరే పేరుతో పిలుస్తారు.

ఇంకొకటి. నువ్వు వెళ్లే దేశం భూగోళానికి కిందివైపు ఉంది. మనకు ఎండలు మండేటప్పుడు వాళ్లకు చలి. అక్టోబరులో అక్కడ తీగలకు అప్పుడప్పుడే చిగుళ్లు వస్తుంటాయి. కోతలు ఫిబ్రవరిలోనో మార్చిలోనో. అక్టోబరులో గుత్తులతో ఫొటో కావాలంటే ఇక్కడి బజారులో రెండు కిలోలు కొని విమానంలో పట్టుకుపోవాలి. ఆరేళ్లుగా లోకానికి వైన్ పాఠాలు చెబుతున్నవాడివి, ద్రాక్ష ఎప్పుడు పండుతుందో ఒక్కసారైనా కనుక్కోవాలనిపించలేదా?

అసలు నువ్వు ఎప్పటి నుంచి తాగుతున్నావు? దగ్గు మందు చెంచాలో పోస్తే ఇల్లంతా పరుగులు పెట్టించినవాడివి. పెళ్లయిన కొత్తలో మీ మామగారు మర్యాదకు ఒక గ్లాసు వైన్ ఇస్తే పూలకుండీలో పోశావు. ఆ మొక్క చచ్చిపోయిందని వారం రోజులు దిగులుపడ్డావు కూడా.

ట్యాంకుల కబురు అడిగావు కాబట్టి ఒకటి. మా ఫ్యాక్టరీకి వైన్ కూడా ట్యాంకర్లలో వస్తుంది. వెనిగర్‌గా మారడానికే వస్తుంది కాబట్టి దానికి పేరూ లేబులూ ఉండవు. అయినా దించుకునే ముందు నేనే చూడాలి. మొన్న ఒక ట్యాంకర్ మూత తీస్తే, వానలో తడిసొచ్చి గోనెసంచి మీద పడుకున్న కుక్క వాసన. నోట్లో పెట్టుకుని కాసేపు ఆగితే మాత్రం ఎండిన నారింజ తొక్క. పైకి మొరటు, లోపల మంచిది. డ్రైవరూ అలాంటివాడే. దించుకున్నాం.

నీ శీర్షిక కత్తిరింపులు నాలుగు పంపు. ఈ ఊరికి మీ పత్రిక రాదు. ఆరేళ్లుగా అడుగుతున్నాను, ఆరేళ్లుగా నీకు మతిమరుపు.

అక్క


వారపత్రిక ఆఫీసు,
సెప్టెంబరు 6

అక్కకు,

యాత్ర మార్చికి మార్చాం. పాఠకుల సౌకర్యం కోసమని ఎడిటర్‌తో చెప్పాను, ఆయన మెచ్చుకున్నారు. సెల్లార్లు కూడా తగ్గిస్తున్నాను. ఉమ్మడం గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. మర్యాదస్తులు వస్తున్నారు.

తాగుడు గురించి అడిగావు. విమర్శ వేరు, సేవనం వేరు అక్కా. క్రికెట్ మీద రాసేవాడు బ్యాటు పట్టుకుని దిగుతున్నాడా?

సరే, నీ దగ్గర దాపరికం ఎందుకు. ఈ శీర్షికకు ముందు నేను ‘సవరణలు’ చూసేవాడిని. పోయిన సంచికలో ఫలానా తప్పు దొర్లింది, చింతిస్తున్నాం అని పెడతారే, ఆ చిన్న డబ్బా. నా బల్ల బాత్రూం తలుపు పక్కన ఉండేది. పాత వైన్ రచయితను డాక్టరు మానేయమన్నాడు, వైన్‌నీ శీర్షికనీ రెండింటినీ. వైన్ గురించి ఎవరికి తెలుసని మీటింగులో ఎడిటర్ అడిగారు. ఆ శీర్షిక రాసేవాళ్లకు కిటికీ ఉన్న గది ఇస్తారు. నా చెయ్యి దానంతటదే లేచింది.

వచ్చేవాళ్ల జాబితా తయారైంది. దంతవైద్యులైన ఒక జంట ఉన్నారు, మాట్లాడుతున్నంతసేపూ మన పళ్లే చూస్తారు. టైల్స్ వ్యాపారి ఒకాయన ఉన్నాడు, ప్రతి ప్రశ్నకూ నంబరు వేసి పంపుతాడు. అందరిలోకీ భయపెట్టేది ఒక రిటైర్డ్ జడ్జిగారు. నా శీర్షికను స్కేలు పెట్టుకుని లైను లైనూ చదువుతారట. ఆయన ఫోన్ చేస్తే నేను లేచి నిలబడి మాట్లాడుతున్నాను.

కత్తిరింపులు పంపుదామంటే పాత సంచికలకు చెదలు పట్టాయి. ఆ కుక్క, గోనెసంచి బాగుంది. అలాంటివి ఇంకా ఉంటే రాయి.

తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్,
అక్టోబరు 3

తమ్ముడూ,

మొన్న కొత్త కళ్లద్దాలు తెచ్చుకోవడానికి షాపుకెళ్లాను. పెట్టుకుని ఏదైనా చదివి చూడమని షాపు ఆయన ఒక పాత పత్రిక చేతిలో పెట్టాడు. మీ పత్రికే. తెరిచిన పేజీలో నీ ‘ద్రాక్షాపాకం’. అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయా అని అడిగాడు. చాలా స్పష్టంగా కనిపిస్తున్నాయని చెప్పాను.

‘మొదట గట్టిగా అరుస్తుంది. తర్వాత మెత్తబడుతుంది. చివరికి, టీ తాగుతారా అని అడిగే రకం.’ ఇది కొండవాలులో పుట్టిన ఎర్ర వైన్ అని నువ్వు రాశావు. అది మా ఫోర్‌మన్, తమ్ముడూ. రెండో నంబరు ట్యాంకు వెనిగర్ ఆయనలాగే ఉందని నేను నీకు రాశాను. పట్నంలో ఉండే ఆ షాపాయన మామగారు చందాదారుడట, మూల ఒక కట్ట ఉంది. మొత్తం ఇమ్మని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. పంతొమ్మిది సంచికలు. చెదలు పట్టలేదు.

పెన్సిల్ చెక్కిన పొట్టు, దాని వెనక తడి సుద్ద. నాదే. కొత్తగా సున్నం కొట్టిన అద్దె గది. నాదే. పాడైన శాంపిల్ గురించి, గోళ్లరంగు సీసా పగిలిన బస్సు అని రాశాను. అది కూడా వదల్లేదు, సముద్రపు ఒడ్డు తెల్ల వైన్‌కు అంటించి, సాహసవంతమైన రుచి అన్నావు. నిజం చెప్పనా, పదహారు సంచికల దాకా నవ్వుకుంటూనే చదివాను. నా తమ్ముడు పొద్దస్తమానం వెనిగర్ పట్టుకుని జడ్జిలను ఊరిస్తున్నాడని.

పదిహేడోది చదివాక లేచి వెళ్లి మొహం కడుక్కున్నాను.

మీ బావ పోయిన మూడో నెలలో నీకు ఒక ఉత్తరం రాశాను. ఆయన బీరువా తలుపు తీశానని, చొక్కాల్లో ఆయన వాసన ఇంకా ఉందని, ఇస్త్రీ వేడి, జేబులో మిగిలిన పొగాకు, ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే లవంగం అని. తలుపు తీసిన ప్రతిసారీ కొంచెం తగ్గిపోతోందని, అందుకే తీయడం మానేశానని. నువ్వేం రాశావో నీకు గుర్తుండదు, నేను చెబుతాను. ‘పాత బీరువా తలుపు తీసినట్టుంటుంది ఈ వైన్. ఇస్త్రీ వేడి, మరిచిపోయిన పొగాకు, లవంగం. తీసిన ప్రతిసారీ కొంచెం తగ్గిపోతుంది, అందుకే మూత తీయడానికి మనసొప్పదు.’ కింద నాలుగు నక్షత్రాలు.

ఐదుకు నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించావో కూడా చెప్పు.

వెనిగర్ వాక్యాలు ఎన్ని కావాలన్నా ఇచ్చేదాన్ని, అడిగితే. ఇది అలాంటిది కాదు. ఇది ఎవరితోనూ చెప్పుకోలేక నీ ఒక్కడికి రాసుకున్నది. దాన్ని నువ్వు బజార్లో పెట్టావు. నాకు చాలా బాధగా ఉంది. నీ మీద కోపంగా కూడా ఉంది, కానీ బాధే ఎక్కువ.

అక్క


వారపత్రిక ఆఫీసు,
అక్టోబరు 15

అక్కా,

నాలుగుసార్లు రాసి చించేశాను. మొదటి దాంట్లో అది యాదృచ్ఛికమని రాశాను. రెండో దాంట్లో అది నీకు నివాళి అని రాశాను. మూడోది గుర్తులేదు. నాలుగోది చదువుకుంటే నాకే అసహ్యమేసింది.

ఆ వారం నా దగ్గర రాయడానికి ఏమీ లేదు. ప్రెస్సు వాళ్లు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు. నీ ఉత్తరం బల్ల మీద ఉంది. చదివి ఏడ్చాను. ఏడ్చిన తర్వాత కాపీ చేశాను. రెండూ నిజమే. తప్పు చేశాను అక్కా, క్షమించు.

నక్షత్రం సంగతి. ఐదూ ఇస్తే వైన్ కంపెనీ దగ్గర లంచం తిన్నామనుకుంటారని మా ఎడిటర్ ఎవరికీ ఐదు ఇవ్వనివ్వరు. బావ మీద నాకు చిన్నచూపు లేదు.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించు. మార్చిలో పన్నెండు మంది ముందు నేను గ్లాసు ఎత్తాలి. వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది. దొరికిపోతే ఉద్యోగం పోతుంది, పరువూ పోతుంది. ఒక మార్గం తట్టింది. నువ్వు మాతో రా. నువ్వు రుచి చూసి నా చెవిలో చెప్పు, నేను పైకి చెబుతాను. నీకు ‘సాంకేతిక సహాయకురాలు’ అని బ్యాడ్జి చేయిస్తాను. కిటికీ సీటు ఇప్పిస్తాను. ఏమంటావు? ఆలోచించడానికి తొందరేం లేదు గానీ, వీసాకు ఫొటోలు ఈ నెలాఖరుకల్లా కావాలి.

తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్,
అక్టోబరు 24

తమ్ముడూ,

క్షమాపణ మూడు లైన్లు, కోరిక ఒక పేరా. నీ కొలతలు బాగున్నాయి.

నీ చెవి అంత దగ్గరికి నేను వస్తే చేసే పని వేరు. బ్యాడ్జి నువ్వే పెట్టుకో.

నాకు కావలసింది ఒక్కటే. నీ శీర్షికలో, నీ మాటల్లో రాయి. ఈ వాక్యాలు మా అక్కవి, వెనిగర్ గురించి నాకు రాసినవి, ఆ బీరువా మా బావది అని. నీ ఉద్యోగం పోవాలని నేను కోరుకోవడం లేదు. నా మాట నాకు కావాలి. మీ బావ చొక్కాలు ఏదో ఒక సీసా లేబులు మీద వేలాడుతుంటే ఇక్కడ నాకు పనిమీద ధ్యాస నిలవడం లేదు. మొన్న ఒక మంచి శాంపిల్‌ను పాడైందని రాసేశాను, ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

అది అచ్చయ్యాక యాత్ర సంగతి మాట్లాడదాం. ఈలోగా పాఠకుల మీద జాలితో నీ ప్రోగ్రాం దిద్ది పంపుతున్నాను. రోజుకు రెండు సెల్లార్లు, రెండూ మధ్యాహ్నం భోజనం లోపలే. మనిషికో చిన్న బకెట్. సెంటు కొట్టుకుని వచ్చినవాళ్లు బస్సులోనే కూర్చోవాలి, దంతవైద్యులైనా సరే.

అక్క


వారపత్రిక ఆఫీసు,
డిసెంబరు 2

అక్కా,

అచ్చయింది. కత్తిరింపు జతచేశాను, ఈసారి మరిచిపోలేదు.

శీర్షికలో వేయడానికి చెయ్యి రాలేదు. నా పాత ‘సవరణలు’ డబ్బాలో వేశాను. పేజీ అరవై రెండు, కింద, కుడివైపు. ‘గత ఆరేళ్ల ద్రాక్షాపాకం శీర్షికలో వైన్ అని ఉన్న చోటల్లా వెనిగర్ అనీ, నేను అని ఉన్న చోటల్లా మా అక్క అనీ చదువుకోగలరు. పొరపాటుకు చింతిస్తున్నాం.’ పైన ఒక గుమ్మడికాయ బరువు గురించి సవరణ ఉంది, దాని కింద ఇది.

మొదటి రోజు తేలు కుట్టిన దొంగలా గదిలో కూర్చున్నాను. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. నలభై ఒకటి వచ్చాయి. ఇంత సున్నితమైన హాస్యం ఈ మధ్య కాలంలో చదవలేదని ఒకరు. ద్రాక్షాపాకం రచయిత తనను తానే వెక్కిరించుకునే స్థాయికి ఎదిగాడని ఇంకొకరు. ఎడిటర్ నా భుజం తట్టారు. యాత్రకు ఇంకో ఇద్దరు చేరారు, ఇప్పుడు పద్నాలుగు మంది.

నేను నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. అందులో నా తప్పేముంది చెప్పు. వీసా ఫొటోలు ఇంకా పంపలేదు.

తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్,
డిసెంబరు 14

తమ్ముడూ,

ఎవరూ నమ్మకుండా ఉండేలా నిజం చెప్పడం నీ ఒక్కడికే చేతనవుతుంది. గుమ్మడికాయ కింద దాక్కుని చెప్పావు. మీ బావ మాట అందులో ఎక్కడుంది? నేను ఎక్కడున్నాను?

పైకి, మనుషుల మొహం చూసి, చెప్పగలిగిన రోజు రాయి. అప్పటిదాకా వద్దు.

అక్క


వారపత్రిక ఆఫీసు, బాత్రూం పక్క బల్ల,
జనవరి 20

అక్కా,

చెప్పాను. అందుకే రాస్తున్నాను.

పోయిన శనివారం పొద్దున యాత్రకు వచ్చేవాళ్లందరినీ పరిచయం కోసం మా ఆఫీసు హాల్లోకి పిలిచారు. బల్ల మీద మూడు సీసాలు, పద్నాలుగు గ్లాసులు. నువ్వు చెప్పినట్టు చిన్న బకెట్లు కూడా తెప్పించాను. దంతవైద్యులకు అవి బాగా నచ్చాయి, వాళ్ల క్లినిక్‌లో ఉన్నట్టే ఉందన్నారు. నేను సముద్రాల గురించి, సూర్యరశ్మి గురించి ఏదో వాగుతున్నాను. జడ్జిగారు లేచారు. పర్సులోంచి ఒక కాగితం తీసి మడతలు విప్పారు. అది నీ బీరువా, అక్కా. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించారు.

ఆయన మాటలు నాకు ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

“ఈ సీసా నాలుగుసార్లు కొన్నానండి. మీరు రాసింది నాకు ఒక్కసారీ దొరకలేదు. మా ఆవిడ పోయాక నా ముక్కు కూడా పోయిందేమోనని డాక్టర్‌కు చూపించుకున్నాను. అక్కడ మీ పక్కన నిలబడి తాగితే దొరుకుతుందేమోనని వస్తున్నాను.”

నేను ఆ టేపు వైపు చూశాను. ఇక చెప్పేశాను.

“దొరకదు సార్. అది వైన్ వాసన కాదు, మా బావ చొక్కాల వాసన. ఆయన పోయాక మా అక్క నాకు రాసిన ఉత్తరంలోది. నేను దొంగిలించాను. మిగతావన్నీ కూడా మా అక్కవే, వెనిగర్ గురించి రాసినవి. నేను అసలు వైన్ తాగను.”

టైల్స్ వ్యాపారి పగలబడి నవ్వాడు. మళ్లీ అదే జోకు, ‘సవరణలు’ జోకు అనుకున్నాడు. అందరూ నవ్వడం మొదలుపెట్టారు. ఇంక వేరే దారి లేక ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగాను. ఆ తర్వాత జరిగింది రాయను. బకెట్ పనికొచ్చిందని మాత్రం చెబుతాను. నవ్వులు ఆగిపోయాయి.

జడ్జిగారు ఇంకా నిలబడే ఉన్నారు. శిక్ష వేస్తారనుకున్నాను. “అయితే నా ముక్కు బాగానే ఉందన్నమాట” అన్నారు. ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టి, “ఇది ఆవిడకు పంపించేయండి” అన్నారు. జతచేస్తున్నాను.

శీర్షిక పోయింది. కిటికీ గది పోయింది. ఎడిటర్ దయ తలిచి వారఫలాలు ఇచ్చారు, అక్కడైతే ఎవరూ రుచి చూసి అడగరని. యాత్ర మాత్రం ఆగదట. పద్నాలుగు మందీ కూర్చుని మాట్లాడుకున్నారు. వాళ్లకు నువ్వు కావాలట. నీ పేరు మీద ఎడిటర్ రాసిన ఆహ్వానం కూడా ఈ కవర్లోనే ఉంది. అందులో సహాయకురాలు అనే మాట లేదు, నేనే వెతికి చూశాను.

తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్,
ఫిబ్రవరి 2

తమ్ముడూ,

అబద్ధం లేని ఉత్తరం నీ నుంచి రావడం ఇదే మొదలు. నీ రాత అవునో కాదో అని రెండుసార్లు చదివాను.

కాగితం అందింది. అందిన రోజు బీరువా తలుపు తీశాను. ఏమీ లేదు. నా ముక్కు అబద్ధం చెప్పదు, ఒక్కో చొక్కా విడివిడిగా తీసి చూశాను. కర్ర వాసన, కలరా ఉండల వాసన, అంతే. ఇప్పుడు ఆయన ఆ కాగితం మీదే ఉన్నారు, కింద నీ పేరుతో, నాలుగు నక్షత్రాలతో. నక్షత్రాలనూ నీ పేరునూ కత్తెరతో కత్తిరించేసి, మిగిలింది బీరువాలో పెట్టుకున్నాను. నువ్వు రాయకపోయి ఉంటే ఇది కూడా ఉండేది కాదని నువ్వు అంటావేమో. అనకు. అది నేను అనుకోవాలి, నువ్వు కాదు.

నిన్ను క్షమించానో లేదో ఇంకా తేల్చుకోలేదు. తేలితే చెబుతాను.

సెలవు దొరికింది. వెళ్తున్నాను. నువ్వు రావడం లేదు.

అక్క


వారపత్రిక ఆఫీసు,
ఫిబ్రవరి 25

అక్కా,

క్షేమంగా వెళ్లిరా. నువ్వు బయల్దేరే వారానికి నీ రాశికి దూరప్రయాణం, గౌరవ లాభం అని రాశాను. ఇంకెవరికీ అంత మంచిది రాయలేదు.

ఒక చిన్న మాట. నేను తిరిగి ఏదైనా రాస్తే చూస్తానని ఎడిటర్ అన్నారు. అక్కడ మొదటి గ్లాసు ఎలా ఉందో నాకు రెండే రెండు వాక్యాలు రాసి పంపు. నీ పేరుతోనే వేయిస్తాను, ఒట్టు. కింద చిన్న అక్షరాల్లో ‘సేకరణ’ అని నా పేరు ఉంటే చాలు.

తమ్ముడు


నది లోయ, ద్రాక్షతోట పక్క హోటల్,
మార్చి 14

తమ్ముడూ,

చేరాం. పద్నాలుగు మందీ బతికే ఉన్నారు.

కోతలు జోరుగా సాగుతున్నాయి. గుత్తుల మధ్య ఫొటోలు తీసుకున్నారు, నీ ప్రకటన మాట దక్కింది. టైల్స్ వ్యాపారి సెల్లార్ నేల మీద వంగి పలకలు తట్టి చూస్తున్నాడు. వైన్ కన్నా నేలే బాగుందని తేల్చాడు, ప్రశ్న నంబరు ఇరవై ఏడు దాని గురించే. దంతవైద్యుల జంటలోని డాక్టరమ్మ నిన్న మూడు గ్లాసులు మింగేసింది. ఎందుకమ్మా అంటే, పంటికి మంచిదంది. వాళ్లాయన అరగంట ఆవిడకు బకెట్ చూపించాడు, తర్వాత ఆయనా మింగాడు. ఇక్కడి తోట యజమాని నా ఉద్యోగం ఏమిటని అడిగాడు. వెనిగర్ ఫ్యాక్టరీ అని చెప్పగానే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పాడైపోయిన ఒక పీపా దగ్గరికి నన్ను విడిగా తీసుకెళ్లి, దీనికి ఏమైందని అడిగాడు. వాసన చూసి చెప్పాను. అప్పటి నుంచి నాకు కుర్చీ తనే లాగి వేస్తున్నాడు. ఇరవై రెండేళ్లలో మా మేనేజర్ ఒక్కసారి కూడా వేయలేదు.

ఈ ఊళ్లో రోడ్లు సన్నం, మనుషులు మెల్లగా మాట్లాడతారు. నా గది కిటికీలోంచి నది కనిపిస్తుంది. దుప్పటి కాస్త గరుకు. పొద్దున లేచి, ఎవరికీ ఏ రిపోర్టూ రాయనక్కర్లేదని గుర్తొస్తే, మీ బావ పోయాక మొదటిసారి హాయిగా అనిపించింది. ఆ పక్కనే దిగులు కూడా వేసింది. ఆయనకు ఇదంతా నచ్చేది.

ఇక నువ్వు అడిగిన సంగతి. మొదటి గ్లాసు మొన్న పొద్దున పదిన్నరకు పట్టుకున్నాను. జడ్జిగారు పక్కన నిలబడ్డారు. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు, తెరిచారు, ఏమీ దొరకలేదన్నట్టు నా వైపు చూశారు. ఎలా ఉందమ్మా అని అడిగారు. చెప్పాను. మొదట నెమ్మదిగా, తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. మిగతావాళ్లు కూడా గ్లాసులు దించి విన్నారు. డాక్టరమ్మ మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పాను. జడ్జిగారు ఇంకోసారి వాసన చూసి, అవునమ్మా, అవును, అన్నారు.

అది నీకు రాయను.

బాగుంది. ఈ ఒక్క మాటనే, కింద సేకరణ అని నీ పేరు పెట్టుకుని వేసుకో.

అక్క